డిక్కీలో నాలుగేళ్ళు తిరిగిన మా గ్యాస్ పొయ్యి

ముందే చెప్పేస్తున్నా, ఇది కొన్న మూడో రోజు రాసే రివ్యూ కాదు. 2021 డిసెంబర్లో కొన్నా, ఇప్పటికి నాలుగేళ్ళు దాటింది, అరకు, లంబసింగి, వంజంగి, ఒడిశా వైపు దేవమాలి, అన్నీ కలిపి పదిహేను పదహారు ట్రిప్పులు తిరిగింది. చిన్న సూట్‌కేసు లాంటి ప్లాస్టిక్ బాక్సులో వస్తుంది కదా, పక్కన స్ప్రే డబ్బా లాంటి పొడుగు గ్యాస్ డబ్బా పడుకోబెట్టి లివర్ కిందకి నొక్కితే లాక్ అవుతుంది, ఆ రకం. సింగిల్ బర్నర్. అప్పుడు 1,850 పెట్టా.

మేం వైజాగ్ వాళ్ళం, నలుగురం. ఒకడిది గాజువాక, ఒకడిది మద్దిలపాలెం, మిగతా ఇద్దరం గోపాలపట్నం. సొంత కారు ఎవరికీ లేదు, సెల్ఫ్ డ్రైవ్ అద్దె కారు తీసుకుంటాం, అదే నల్ల నంబర్ ప్లేటు మీద పసుపు అక్షరాలుండే బండి. శుక్రవారం రాత్రి తీసుకుని ఆదివారం రాత్రి ఇచ్చేయడం. బండి తీసుకునేటప్పుడు చుట్టూ తిరిగి వీడియో తీసుకోండి, డిక్కీ లోపల, సీట్ల మీద కూడా, ఎందుకంటే ఒకసారి సీటు మీద ఆవకాయ నూనె మరక ఉందని మా డిపాజిట్లో క్లీనింగ్ కింద కోసేశారు. మరక మాదే అనుకోండి, కానీ పక్కనున్న పాత కాఫీ మరక కూడా మా లెక్కలోనే వేశారు, అదీ బాధ.

పొయ్యి కొన్నది డబ్బు మిగులుతుందని. ఏం మిగల్లేదు. 225 గ్రాముల డబ్బా నాకు 160 పడుతుంది, అంటే కేజీ ఏడొందల పైమాటే, ఇంట్లో సిలిండర్ గ్యాస్‌తో పోలిస్తే పది రెట్ల పైనే. ఫుల్ మంట పెడితే గంటన్నర కూడా రాదు. రెండు రోజుల ట్రిప్పుకి నలుగురికి మూడు డబ్బాలు అవుతాయి, ఆ డబ్బుతో ఘాట్ రోడ్డు హోటల్లో నలుగురం కడుపునిండా టిఫిన్ చేయొచ్చు. మరి ఎందుకు మోస్తున్నావురా అంటే, కొండ దిగి వచ్చాక పదకొండింటికి ఎక్కడా టిఫిన్ దొరకని చోట, కారు పక్కన టార్పాలిన్ పరుచుకుని ఉప్మా కలుపుకుని తినడం ఉంది చూశారా, అది హోటల్లో రాదు. అంతే కారణం, ఇంకేం లేదు.

ఇప్పుడు అసలు విషయం, చలి.

లంబసింగి సుమారు 1000 మీటర్ల ఎత్తులో ఉంటుంది. దానికి కొర్రబొయిలు అని ఇంకో పేరు, కొర్ర అంటే కర్ర, బొయిలు అంటే బయట, రాత్రి బయట పడుకుంటే తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతారని అంటారు. మా గ్యాస్ డబ్బాకీ అదే గతి పట్టింది. మొదటి ట్రిప్పు, జనవరి, పొద్దున్న ఐదింటికి టీ పెడదామని లివర్ నొక్కి తిప్పితే మంట వచ్చింది, రెండు నిమిషాలకి దీపం ఒత్తంత అయిపోయింది, డబ్బా మాత్రం సగం పైన ఉంది, ఊపితే గలగలమంటోంది. పొయ్యి డొక్కుదని అందరం కలిసి నన్ను తిట్టాం, నేను కూడా. ఇంటికొచ్చాక చదివితే అర్థమైంది. డబ్బాలో ఉండేది ద్రవం, అది ఆవిరైతేనే మంట. ఇందులో ఉండేది మామూలు బ్యూటేన్, దాని మరుగు స్థానం మైనస్ 0.5 డిగ్రీలు, సున్నా దగ్గరికొస్తే దానికి బయటికి వచ్చే ఊపు ఉండదు. బయట ఐదారు డిగ్రీలున్నా సరిపోదు, ఎందుకంటే ఆవిరయ్యే కొద్దీ డబ్బా తన వేడి తనే పోగొట్టుకుంటుంది, చేత్తో పట్టుకుంటే ఐసు ముక్కలా ఉంటుంది. అందుకే మొదట మండి తర్వాత చచ్చిపోతుంది.

దీనికి నాలుగేళ్ళలో నేను నేర్చుకున్నది, రాత్రి డబ్బాని డిక్కీలో వదలకుండా నా దుప్పట్లో పెట్టుకుని పడుకోవడం. మావాళ్ళు నవ్వుతారు, నవ్వనీ, పొద్దున్న టీ అడిగేది వాళ్ళే. పొద్దున్న ఒకటి పెట్టి, రెండోది జాకెట్ లోపల ఉంచుకుని, మొదటిది నీరసపడగానే మార్చేస్తా. వేణ్ణీళ్ళలో పెట్టండి, లైటర్‌తో వెచ్చబెట్టండి అని వీడియోల్లో చెప్తుంటారు, ఆ పని మాత్రం చేయకండి. ప్రొపేన్, ఐసోబ్యూటేన్ కలిపిన డబ్బాలు కూడా ఉన్నాయి, ఐసోబ్యూటేన్ మైనస్ 11 దాకా ఆవిరవుతుంది, చలికి అవే బెటరు, కానీ అవి ఎక్కువగా గుండ్రటి స్క్రూ రకంలో వస్తాయి, ఈ పొయ్యికి పట్టవు, ధర కూడా ఎక్కువ. ఏడాదికి రెండు సార్లు చలిలోకి వెళ్ళే మాకు దుప్పటే చాలు.

గాలి రెండో శత్రువు. దేవమాలి 1672 మీటర్లు, కోరాపుట్ జిల్లా, పైదాకా రోడ్డుంది, పైన చెట్టూ పుట్టా ఏం లేదు, గాలి ఒకటే. మద్దిలపాలెం వాడు తెలివిగా పొయ్యి చుట్టూ రాళ్ళు గోడలా పేర్చాడు, మంట నిలబడింది, అందరం శభాష్ అన్నాం, పైన ఇంటి నుంచి తెచ్చిన వెడల్పు డేగిసా పెట్టాం, అన్నం ఉడుకుతోంది, పది నిమిషాలకి టక్ మని శబ్దం, లివర్ దానంతటదే పైకి లేచి మంట ఆరిపోయింది. గుండె ఆగినంత పనైంది. డబ్బా ముట్టుకుంటే వేడి. రాళ్ళ గోడ వేడిని లోపలే ఆపేసింది, డేగిసా అంచు డబ్బా గది మీదకి వచ్చేసి ఆ వేడంతా కిందకి కొట్టింది, లోపల ప్రెజర్ పెరిగితే డబ్బాని తోసేసే సేఫ్టీ ఇందులో ఉంది కాబట్టి బతికిపోయాం. సేఫ్టీ లేని పొయ్యి నాలుగొందలు తక్కువకి దొరుకుతోందని కొనేవాళ్ళకి ఈ పేరా ఒక్కటి చదివి వినిపించండి. అప్పట్నుంచి చిన్న అడుగున్న గిన్నెలే వాడతాం, గాలికి అడ్డం కారు తలుపు తెరిచి దాని వెనక పెడతాం. తలుపు చాటున మాత్రమే. కారు లోపల, టెంట్ లోపల మాత్రం ఎంత చలైనా ఎంత వానైనా వెలిగించం, మూసిన చోట మంట నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసనుండదు, నిద్రలోనే పోతారు.

ఇంకోటి, డబ్బా మెడ దగ్గర చిన్న గాడి ఉంటుంది, అది పైకి ఉండాలి. కిందకి తిప్పి పెడితే ఆవిరి బదులు ద్రవం వచ్చేసి మంట భగ్గుమంటుంది, గాజువాక వాడి కనుబొమ్మలు ఒకసారి అలాగే పోయాయి. మే నెలలో బీచ్ రోడ్డులో ఎండలో పార్క్ చేసిన కారులో డబ్బాలు వదలకూడదు, 50 డిగ్రీలు దాటకూడదని డబ్బా మీదే రాసుంటుంది, మన వైజాగ్ ఎండలో అద్దాలు మూసిన కారు లోపల అదెంతసేపు. ఖాళీ డబ్బాల్లోకి ఇంటి సిలిండర్ గ్యాస్ ఎక్కించే అడాప్టర్లు అమ్ముతున్నారు, మావాడొకడు కొందామన్నాడు, కొంటే నన్ను ట్రిప్పుకి పిలవొద్దన్నాను.

వంట సంగతి. మొదట్లో మెనూ రాసుకుని వెళ్ళేవాళ్ళం, బిర్యానీ అని, చికెన్ అని. ఇప్పుడు లేదు. అరకు వెళ్తే బొంగులో చికెన్ అక్కడివాళ్ళే మనకంటే బాగా చేస్తారు, మనకెందుకు. మా లిస్టు ఇదే: ఇంట్లోనే వేయించి పెట్టుకున్న ఉప్మా రవ్వ, అటుకులు, గుడ్లు, పెసరపప్పు, బియ్యం, చింతపండు, ఉల్లిపాయలు, ఆవకాయ. కందిపప్పు తీసుకెళ్ళకండి. లంబసింగి ఎత్తులో నీళ్ళు 97 డిగ్రీల లోపే మరిగిపోతాయి, అంటే ఎంత మరిగినా వేడి అంతకి మించదు, ముప్పావుగంట ఉడికించినా పప్పు గులకరాళ్ళలాగే ఉంది, అరడబ్బా గ్యాస్ తగలేశాం, ఆఖరికి ఆ నీళ్ళలోనే చింతపండు పిసికి చారు అని పేరు పెట్టుకుని తాగాం. తర్వాత మూడు లీటర్ల కుక్కర్ కొన్నా, దాని అడుగు చిన్నది కాబట్టి పొయ్యి మీద సరిగ్గా కూర్చుంటుంది. అన్నానికైతే ఎస్.కోటలో టీకి ఆగినప్పుడే బియ్యం కడిగి డబ్బాలో నానబోస్తాం, ఘాట్ ఎక్కి అనంతగిరి దాటేసరికి నానిపోతాయి, ఎనిమిది నిమిషాలు ఉడికించి దించేసి తువ్వాల్లో చుట్టి వదిలేస్తే మిగతాది దానంతటదే అవుతుంది. గ్యాస్ సగానికి సగం మిగులుతుంది.

వంజంగిలో చేసిన తప్పు మాత్రం చెప్పాలి. పాడేరు నుంచి ఆరేడు కిలోమీటర్లే, చీకట్లో నాలుగింటికి ఎక్కడం మొదలెడితే సూర్యోదయానికి మబ్బులు కాళ్ళ కింద సముద్రంలా పరుచుకుని ఉంటాయి. మేం పొయ్యి, గిన్నెలు, నీళ్ళు అన్నీ బ్యాగుల్లో మోసుకుని ఎక్కాం, పైన మ్యాగీ తిందామని. సగంలోనే ఆయాసం, రాళ్ళలో కాలు జారడం, పైకి చేరేసరికి ఎండ వచ్చేసింది, మబ్బులు విడిపోతున్నాయి. పోనీ మ్యాగీ అయినా తిన్నామా అంటే, చుట్టూ ఎండు గడ్డి, అంతమంది జనం, అక్కడ మంట పెట్టడానికి చేతులు రాలేదు. మోసిందంతా మళ్ళీ కిందకి మోశాం. ఇప్పుడు పైకి నీళ్ళు, వేరుశనగ చిక్కీ, వచ్చేదారిలో మాడుగులలో కొన్న హల్వా ముక్క, అంతే. పొయ్యి కారులోనే ఉంటుంది, దిగాకే వెలుగుతుంది. నడక నడకే, వంట వంటే.

పొయ్యి ఇప్పుడెలా ఉందంటే, యారాడ బీచ్‌కి తీసుకెళ్ళిన ఒక్క ట్రిప్పు వల్ల గిన్నె పెట్టే ప్లేటు తుప్పు పట్టింది, ఉప్పుగాలి తగిలాక ఆ రోజే తుడవాలి, మేం తుడవలేదు. టక్ టక్ మనే ఇగ్నైటర్ మూడో ఏడు పోయింది, అగ్గిపెట్టె జిప్ కవర్లో పెట్టుకుని తిరుగుతున్నాం. లివర్, లాక్, సేఫ్టీ మాత్రం కొత్తదానిలాగే పనిచేస్తున్నాయి. అయిదుకి మూడున్నర ఇస్తా, ఆ ఒకటిన్నర కోసింది డబ్బాల ఖర్చుకీ చలికీ. కొత్త డబ్బా కొన్నప్పుడు తూకం వేసి మార్కర్‌తో దాని మీదే రాసుకోండి, తర్వాత ఎంత మిగిలిందో ఊపి చూసి ఊహించక్కర్లేదు.

వచ్చే శనివారం మళ్ళీ వంజంగి అంటున్నారు. నిన్న రాత్రి మూడు డబ్బాలూ తూచా, రెండు నిండుగా ఉన్నాయి, మూడోదాంట్లో అరవై గ్రాములు ఉంది, అది టీకి వస్తుంది.