ఎవరూ ఫోల్డ్ చెయ్యని పోకర్ టేబుల్ మీద దూకుడు ఆట: మూడేళ్ల తర్వాత నా సమీక్ష

శాన్ హోసే చుట్టుపక్కల కార్డ్‌రూమ్‌లలో (పేకాట క్లబ్బుల్లో) 1–3 డాలర్ల నో-లిమిట్ హోల్డెమ్ పోకర్ మూడేళ్లుగా ఆడుతున్నాను. చేతిలో రెండు ముక్కలు, టేబుల్ మీద అందరికీ ఉమ్మడిగా ఐదు; తప్పనిసరి తొలి పందేలు 1, 3 డాలర్లు, ఆపైన ఎంతైనా కాయొచ్చు. మొదటి ఏడాది ఏ ముక్కలొచ్చినా రైజ్ (పందెం పెంచడం), తర్వాత ఫ్లాప్ (మొదటి మూడు ఉమ్మడి ముక్కలు), టర్న్ (నాలుగోది), రివర్ (ఐదోది) మూడింటిలోనూ బెట్. బాగా పోగొట్టుకున్నాను.

ఒక హ్యాండ్ ఇప్పటికీ గుర్తుంది. నా దగ్గర ఆసు, రాజు. ఫ్లాప్‌లో రాణి, 8, 4. చివరిదాకా నాకేమీ కలవలేదు. అయినా మూడుసార్లూ కొట్టాను, రివర్‌లో పాట్ (మధ్యలో పోగైన డబ్బు) ఎంతుందో అంత. అవతల కూర్చున్న పెద్దాయన 8ల పెయిర్‌తో (జతతో) కాల్ చేసి, అంటే నా బెట్‌కి సమానంగా డబ్బు పెట్టి, గెలిచాడు. పాట్ అంత బ్లఫ్ (ముక్కలు లేకపోయినా ఉన్నట్టు కొట్టే బెట్) వేస్తే సగం సార్లయినా ఎదుటివాళ్లు ఫోల్డ్ చెయ్యాలి (ముక్కలు పారేసి తప్పుకోవాలి), లేదంటే నష్టమే. రమ్మీలో ముక్కలు బాగోకపోతే 20 పాయింట్లకి డ్రాప్ అయిపోతాం. ఈ టేబుళ్ల మీద ఆ అలవాటే ఉండదు, చివరి ముక్క చూడాల్సిందే.

దూకుడు మానలేదు. బ్లఫ్‌లో పెట్టే డబ్బుని మంచి ముక్కలున్నప్పుడు పెట్టడం మొదలుపెట్టాను. టాప్ పెయిర్‌తో (టేబుల్ మీది అతి పెద్ద ముక్కతో జత) పాటు మంచి కిక్కర్ (చేతిలోని రెండో ముక్క పెద్దది) ఉంటే ఒకప్పుడు రివర్‌లో భయపడి చెక్ చేసేవాణ్ణి (బెట్ వెయ్యకుండా ఊరుకునేవాణ్ణి). ఇప్పుడు ఫ్లాప్, టర్న్, రివర్ మూడింటిలోనూ పెద్ద బెట్లే. ఫ్లష్ డ్రాకి (ఒకే గుర్తు ముక్కలు నాలుగుండి ఐదోదాని కోసం చూడటం) ఫ్లాప్ నుంచి రివర్‌లోపు కలిసే అవకాశం దాదాపు 35 శాతం. ఫోల్డ్ చేస్తారన్న ఆశ లేనప్పుడు తర్వాతి ముక్కల్ని చౌకగా చూడటమే మేలు.

ఫ్లాప్‌కి ముందు రైజ్ కూడా పెంచాను. 10 డాలర్లకి నలుగురు వస్తుంటే 20 వేస్తాను. ఈక్విలాబ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చూస్తే కారణం తెలిసింది: రెండు ఆసులు ఒక్కరి మీద 85 శాతం గెలుస్తాయి, ఏ ముక్కలతోనైనా వచ్చే నలుగురి మీద 56 శాతమే. అందుకే ఓడినప్పుడు ఇదివరకటంత టెన్షన్ లేదు.

నాకు అన్నిటికంటే కష్టమైంది వేరే ఉంది. గంటల తరబడి కాల్ మాత్రమే చేసే మనిషి రివర్‌లో హఠాత్తుగా రైజ్ చేస్తే, నా టాప్ పెయిర్ పారెయ్యడం. అలాంటివాళ్లు ఊరికే రైజ్ చెయ్యరు. ఇది ఒంటబట్టడానికి ఏడాదిన్నర పట్టింది, ఇప్పటికీ చెయ్యి ఆడదు.

ఫోల్డ్ చెయ్యడం తెలిసినవాళ్లు టేబుల్ మీద ఒకరిద్దరు ఉంటారు. నా పాత బ్లఫ్‌లు వాళ్ల కోసం దాచుకున్నాను.