జూబ్లీహిల్స్‌లో దెరూతా ప్లేట్లు: ఏవి తినడానికి, ఏవి గోడకి

జూబ్లీహిల్స్‌లో ఇంటి అలంకరణ సామాన్లు అమ్మే ఓ షాపు, పై అంతస్తులో ఒక గది మొత్తం ఇటలీలోని ఉంబ్రియా సరుకుతో నింపింది. అక్కడి దెరూతా ఊరి ప్లేట్లు, గిన్నెలు, నూనె జాడీలు, గుబ్బియో అనే మరో ఊరి తరహా మెరుపు పళ్లేలు, పాత ఉంబ్రియన్ లిపి అచ్చొత్తిన గోడ పలకలు ఉన్నాయి. భోజనం ప్లేట్లు ఏరుకుని కొనొచ్చు. మెరుపు పళ్లేలు గోడకే. లిపి పలకలు మాత్రం ఇప్పుడున్నట్టుగా అయితే వద్దు.

గదిలో ‘ఇటాలియన్ పింగాణీ’ అని బోర్డు పెట్టారు. ఇది పింగాణీ కాదు, మయోలికా. అంటే ఎర్రమట్టి పాత్ర మీద తగరం కలిసిన తెల్లటి గ్లేజు (గాజులాంటి పూత). మట్టిని మొదట దాదాపు 1000 డిగ్రీల దగ్గర కాల్చి, గ్లేజు ద్రావణంలో ముంచి ఆరబెడతారు. ఆ పొడి గ్లేజు మీదే బొమ్మ వేస్తారు: కోబాల్ట్‌తో నీలం, రాగితో ఆకుపచ్చ, మాంగనీసుతో ఊదా, యాంటిమొనీతో పసుపు. కాల్చని గ్లేజు రంగును తగలగానే పీల్చేస్తుంది కాబట్టి గీత తప్పితే దిద్దుకోవడం ఉండదు. తర్వాత 900 పైచిలుకు డిగ్రీల్లో రెండో కాల్పు. లోపలి మట్టి సన్నటి రంధ్రాలతో నీరు పీల్చేదిగానే మిగులుతుంది. ఈ ప్లేట్లతో వచ్చే ఇబ్బందులు చాలావరకు ఇక్కడే పుడతాయి.

షాపులో చేత్తో వేసినవీ, స్టిక్కరు అంటించి కాల్చినవీ ఒకే అరలో, ఒకే ధరకి కలిసి ఉన్నాయి. సేల్స్ పిల్లలకి తేడా తెలియదు, అన్నిటికీ ‘హ్యాండ్‌మేడ్’ అనే చెబుతారు. రఫాయెల్లెస్కో డిజైను, అంటే పసుపు నీలం డ్రాగన్ ఉన్నది, ఒకటి చేతిలోకి తీసుకుని అంచు చుట్టూ చూడండి. చేత్తో వేసినదైతే ఒక్కో తీగ మొదట్లో లావుగా, చివర సన్నగా సాగుతుంది. చుట్టు పూర్తయ్యే చోట చోటు చాలక ఒక ఆకు కాస్త ఇరుక్కుని ఉంటుంది. ఆ ఇరుకే మంచి గుర్తు. స్టిక్కరైతే ప్రతి ఆకూ అచ్చు ఒకేలా ఉంటుంది, ఫోన్ కెమెరా దగ్గరగా పెట్టి జూమ్ చేస్తే రంగు చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. వెనక్కి తిప్పితే ఊరి పేరు, చేతిరాత సంతకం గ్లేజులో కలిసి కనబడాలి. కాగితం లేబుల్ లెక్కలోకి రాదు. పనిలోపనిగా ఒకే సైజువి రెండు పక్కపక్కన పెట్టి వేలిగోటితో తట్టండి. ఒకటి మోగి, రెండోది మొద్దుగా పలికితే ఆ రెండో దాంట్లో కంటికి కనిపించని పగులు ఉన్నట్టే.

ఇక సీసం సంగతి. పాత పద్ధతి పసుపు రంగులో సీసం ఉంటుంది, పాత గ్లేజుల్లోనూ ఉండేది. నేడు యూరప్ నిబంధన ప్రకారం గిన్నెలాంటి పాత్ర నుంచి ద్రావణంలోకి దిగే సీసం లీటరుకు 4 మిల్లీగ్రాములు దాటకూడదు, లోతు లేని ప్లేటుకైతే చదరపు డెసిమీటరుకు 0.8 మిల్లీగ్రాములు. పరీక్షకి 4 శాతం ఎసిటిక్ ఆమ్లం పోసి 24 గంటలు ఉంచుతారు. షాపువాళ్లని ఈ రిపోర్టు అడగండి. ఇక్కడ భోజనం ప్లేట్లకి చూపించారు, నూనె జాడీలకి చూపించలేదు. జాడీల్లో ఆవకాయో గోంగూర పచ్చడో వేసి నిల్వ పెట్టే ఆలోచన ఉంటే మానుకోండి. ప్లేటులో పులిహోర వడ్డించుకుని తినడం వేరు, పుల్లటి పదార్థాన్ని నెలలు నానబెట్టడం వేరు. బజార్లో దొరికే సీసం టెస్టు పుల్లలు ఎర్రబడితే పైన సీసం ఉందని తెలుస్తుంది గానీ ఎంత దిగుతుందో చెప్పవు. రంగు మారలేదని జాడీకి నిశ్చింత సర్టిఫికెట్ ఇచ్చుకోకండి.

వాడకంలో మూడు జాగ్రత్తలు. మైక్రోవేవ్‌లో పెట్టొద్దు: మట్టిలో దాగిన తేమ వేడెక్కి కూర కంటే ముందు ప్లేటు కాలుతుంది, పగలొచ్చు కూడా. పొయ్యి మీంచి దించిన సాంబారు ఒక్కసారిగా పోయొద్దు, ముందు గోరువెచ్చని నీళ్లతో ప్లేటు కడిగి పొయ్యండి. రాత్రంతా సింకులో నాననివ్వొద్దు. అడుగున గ్లేజులేని చోట నీళ్లు లోపలికి ఎక్కుతాయి. మట్టి ఏళ్ల తరబడి తేమకి కొంచెం కొంచెంగా ఉబ్బుతుంది, గ్లేజు ఉబ్బదు, అందుకే వెంట్రుకల్లాంటి పగుళ్లు వస్తాయి. వాటిలోకి పసుపు దిగిందంటే ఇక పోదు. డిష్‌వాషర్ క్షారం కూడా రోజూ పడితే మెరుపు తగ్గుతుంది. బోరు నీళ్ల తెల్ల మరకలకి వెనిగర్‌లో సగానికి పైగా నీళ్లు కలిపి గుడ్డతో తుడిచి వెంటనే కడిగేయండి. ఒకదాని మీద ఒకటి పేర్చేటప్పుడు మధ్యలో కాగితమో ఫెల్టో వేయాలి, లేకుంటే పై ప్లేటు అడుగు అంచు కింది గ్లేజును గీస్తుంది.

మెరుపు పళ్లేల సంగతి చూద్దాం. 16వ శతాబ్దంలో గుబ్బియోలో మాస్ట్రో జోర్జో అండ్రెయోలి కెంపు ఎరుపు మెరుపుకి పేరు తెచ్చారు. దెరూతాది బంగారు ఛాయ. వెండి, రాగి సమ్మేళనాలు పూసి, పొగ నింపి ఆక్సిజన్ తగ్గించిన కొలిమిలో తక్కువ వేడి మీద మూడోసారి కాలిస్తే ఆ పూత లోహపు పొరగా గ్లేజులోకి దిగుతుంది. అసలైన దాన్ని కాంతిలో అటూ ఇటూ తిప్పితే ఎరుపు ఊదాలోకి, బంగారం ఆకుపచ్చలోకి జారుతుంది. షాపులో ఉన్న వాటిలో పెద్ద పళ్లేలు మాత్రమే ఇలా మారాయి. చిన్నవాటి మీద ఉన్నది గిల్టు రంగు: ఎటు తిప్పినా ఒకే ఛాయ, గోటికి అంచు తగులుతుంది. ఏదైనా సరే, అన్నం వడ్డించుకోకండి. గోడకి తగిలించే స్ప్రింగు హుక్కులకి ప్లాస్టిక్ తొడుగు ఉందో లేదో చూసుకోండి, లేకపోతే అంచు చెక్కుకుపోతుంది.

లిపి పలకల దగ్గర మాత్రం షాపు సిగ్గుపడాలి. ఉంబ్రియన్ భాష మనకి ముఖ్యంగా తెలిసింది ఇగువియం (గుబ్బియో పాత పేరు) శాసనాల వల్ల. 1444లో గుబ్బియోలో దొరికిన ఏడు కంచు పలకలు అవి. ఊరు వాటిని 1456లో కొనుక్కుంది, నేటికీ పలాజో దేయ్ కొన్సొలిలో ఉన్నాయి. అత్తియేదియ సోదరులనే పూజారుల బృందం చేయాల్సిన బలులు, ప్రార్థనలు, పక్షి శకునాలు వాటిలో ఉన్నాయి. మొదటి పలకల్లో సొంత లిపి, అది కుడి నుంచి ఎడమకి సాగుతుంది. చివరి పలకల్లో లాటిన్ లిపి, ఎడమ నుంచి కుడికి. షాపు పలక మీద ఉన్నది సొంత లిపే గానీ అద్దంలో తిరగేసినట్టు అచ్చయింది. ‘E’ ఆకారంలోని అక్షరాన్ని చూడండి. పళ్లు ఎడమకి ఉండాలి, ఇక్కడ కుడికి ఉన్నాయి. 8 ఆకారంలో ఉండే ‘ఫ’ తిప్పినా తేడా తెలియదు కనుక తప్పు అక్కడ దొరకదు. కింద ‘ఎట్రుస్కన్ భాష’ అని రాశారు. ఈ అక్షరాలు ఎట్రుస్కన్ల నుంచి వచ్చినవే, భాష మాత్రం లాటిన్‌కి చుట్టం. పాతబస్తీ బోర్డుల మీది ఉర్దూని చూసి అరబ్బీ అన్నట్టుంది ఇది.

అదే కౌంటర్‌లో ప్లేటు మీద తెలుగులో పేరు రాయించి తెప్పిస్తామంటున్నారు. ఆర్డర్ ఇచ్చేవారు పేరు టైపు చేసి వాట్సాప్‌లో పంపితే సరిపోదు. ఇటలీలో ప్లేటు వేసేచోట సూదితో గుచ్చిన కాగితం మీంచి బొగ్గు పొడి అద్ది రూపురేఖలు దించుతారు, తెలుగు రాని చేయి చుక్కలనే నమ్ముకుంటుంది. అసలు సైజులో ప్రింటు తీసి, గుడులూ వత్తులూ అక్షరానికి అంటకుండా విడిగా కనబడేలా దిద్ది ఇవ్వండి. కాల్చకముందు ఫోటో పంపాలని బిల్లు మీదే రాయించుకోండి.