కాడ్ లివర్ ఆయిల్ గుళికలు: నూనె బాగుంది, పరీక్ష కాగితమే లేదు

కాడ్ చేప కాలేయం నుంచి తీసిన నూనె గుళికలివి, నెల్లూరు ట్రంకు రోడ్డులోని ఒక మందుల షాపులో కొన్నాను. మా ఇంటావిడ మోకాళ్ళ నొప్పులకు పనిచేస్తుందేమోనని. నొప్పిలో తేడా ఏమీ లేదంటోంది. గుళికలు మాత్రం నాణ్యంగానే ఉన్నాయి. కొరికి చూసినా పాడైన నూనె వాసన రాలేదు. రోహిణి కార్తెలో కూడా అతుక్కుపోకుండా ఏసీ గదిలో ఉంచి అమ్మిన షాపతన్ని మెచ్చుకోవాలి. చేప తేన్పులు వస్తాయి. అన్నం తిన్న వెంటనే వేసుకుంటే కొంత నయం.

నా పేచీ అట్టపెట్టెతో. మంచుకొండ బొమ్మ వేసి, స్వచ్ఛమైన ఆర్కిటిక్ (ఉత్తర ధ్రువ) జలాల నుంచి తెచ్చామని రాశారు. "అక్కడ ఫ్యాక్టరీలే లేవు సార్, విషం ఎక్కడి నుంచి వస్తుంది?" అన్నాడు షాపతను.

మన వైపు నుంచే వస్తుంది. పురుగుమందు డీడీటీ, కరెంటు పరికరాల నూనెల్లో వాడిన పీసీబీ రసాయనాల వంటివి వెచ్చని చోట ఆవిరై, గాలితో పోయి, ధ్రువాల చలికి కిందికి దిగుతాయి. అవి నీటిలో కరగవు, కొవ్వులో కరుగుతాయి. నాచు తినే సూక్ష్మజీవుల నుంచి చేపకు, చేప నుంచి సీలుకు, సీలు నుంచి ధ్రువపు ఎలుగుబంటికి చేరేసరికి మెట్టుమెట్టుకూ చిక్కబడతాయి. 1953లో మలేరియా కార్యక్రమం మొదలయ్యాక మన ఊళ్ళలో ఇళ్ళ గోడలకు కొట్టిన డీడీటీ లాంటిదే 1960లలో అంటార్కిటికా పెంగ్విన్ల ఒంట్లోనూ కనిపించింది. 1980ల చివర్లో కెనడాలోని ఉత్తర క్విబెక్‌లో, సీళ్ళు, చేపలు తిని బతికే ఇన్యూట్ తెగ తల్లుల పాలు పరీక్షిస్తే, దక్షిణ క్విబెక్ తల్లుల పాలలో కన్నా పీసీబీలు సుమారు ఐదు రెట్లు ఉన్నాయి. ఆ తల్లులు ఏ ఫ్యాక్టరీ పక్కనా కాపురం లేరు, తరతరాల తమ తిండి తిన్నారంతే. ఇలాంటి విషాలు ఉన్నాయనే 2008లో ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవుల వైద్యాధికారులు అక్కడివాళ్ళు తినే పైలట్ తిమింగలాన్ని మానమన్నారు.

కాడ్ చేప తన కొవ్వును ప్రధానంగా కాలేయంలోనే దాచుకుంటుంది. నూనె తీసేదీ అక్కడి నుంచే, ఈ మురికి చేరేదీ అక్కడే. యాక్టివేటెడ్ కార్బన్‌తో వడపోసి, శూన్యంలో స్వేదనం చేస్తే చాలావరకు పోతుంది. చేప నూనెల్లో డయాక్సిన్లకు (పీసీబీల లాంటివే మరో రకం విషాలు) ఐరోపా సమాఖ్య పరిమితి కూడా పెట్టింది. ఈ సీసా మీద విటమిన్ల లెక్క ఉంది గానీ శుద్ధి మాట లేదు. కంపెనీకి మెయిల్ పెడితే, అన్ని ప్రమాణాలూ పాటిస్తున్నామని జవాబిచ్చారు, ఒక్క అంకె లేకుండా!

నేను అల్లూరు వైపు రొయ్యలు సాగుచేస్తాను. మా సరుకు ఐరోపాకు పోవాలంటే పట్టుబడికి ముందే నమూనా తీసి, నైట్రోఫ్యూరాన్లు, క్లోరాంఫెనికాల్ అనే నిషిద్ధ యాంటీబయాటిక్ మందుల ఆనవాళ్ళు వంద కోట్లలో ఒక వంతు స్థాయిలో వెతుకుతారు. ఆ కాగితం లేకపోతే కొనేవాడు చెరువుగట్టుకు లారీ పంపడు. మా రొయ్యకు ఉన్న కట్టడి చలి దేశపు చేపకు ఎందుకు ఉండకూడదు?

ఐదుకు రెండున్నర ఇస్తున్నాను. బ్యాచి నంబరు కొడితే పరీక్ష ఫలితం చూపించే కంపెనీలు ఉన్నాయి, ఈసారి వాటిలోనే కొంటాను. లేదంటే నెత్తళ్ళ జాతి చిన్న చేపల ఒంటి నూనె నయం: అవి తక్కువ కాలం బతుకుతాయి, కింది మెట్టులో ఉంటాయి, మురికి తక్కువ పోగవుతుంది. ఇంట్లో గర్భిణులుంటే మాత్రం కాడ్ లివర్ ఆయిల్ జోలికి పోవద్దు; అందులో విటమిన్ ఎ ఎక్కువ, కడుపులో బిడ్డకు హాని చేయవచ్చు. ఆ హెచ్చరిక సీసా వెనక ఉంది, భూతద్దం పెడితే కనిపిస్తుంది.