సీతాకోకచిలుక రెక్కలకు ఈఎల్ వైరు
తిరుపతిలో మా అమ్మాయి పాఠశాల వార్షికోత్సవ వేషానికి, ఇనుప కమ్మీతో చేసిన రెక్కల అంచుల వెంబడి కుట్టేందుకు 3 మీటర్ల ఈఎల్ (ఎలక్ట్రోల్యూమినిసెంట్) వైరును, అంటే కరెంటు పంపితే పొడవునా వెలిగే సన్నని తీగను, ఆన్‌లైన్‌లో తెప్పించాను. రెండు పెన్సిల్ బ్యాటరీల 3 వోల్టులను చిన్న ఇన్వర్టరు దాదాపు 100 వోల్టుల ఏసీగా మార్చి పంపినప్పుడు, లోపలి రాగి తీగపై పూసిన ఫాస్ఫరు అనే మెరుపు పూత వెలుగుతుంది కనుక, ఎల్ఈడీ సరంలా చుక్కలు చుక్కలుగా కాక, గీత గీసినట్టు కాంతి పరచుకుంటుంది, వేడెక్కదు కూడా.

అయితే ఇన్వర్టరు దగ్గరి అతుకు బలహీనం. రెండో రిహార్సల్‌లోనే తెగితే, టంకం వేయించి, గొట్టం తొడిగి, వంగకుండా చట్రానికి బిగించాక నిలిచింది. వైరును కోస్తే, ఆ కోసిన కొసను తప్పక మూసివేయాలి. ఇన్వర్టరు దోమలా సన్నగా రొద పెడుతుంది, పాటల హోరులో అది వినిపించలేదనుకోండి. వెలుగు చీకటిలోనే అందం. గంగమ్మ జాతరలో పగటిపూట కట్టే వేషాలకు దీన్ని కొనవద్దు.