లారీ రశీదుపై సంతకానికి ముందు: ట్రాన్స్‌ఫార్మర్, ప్యానెల్ కొంటున్న వారికి ఒక హెచ్చరిక

హైదరాబాద్‌లోని చర్లపల్లి పారిశ్రామికవాడలో మాకు ప్లాస్టిక్ విడిభాగాలు తయారు చేసే చిన్న యూనిట్ ఉంది. కొత్త యంత్రాల కోసం హెచ్‌టీ (అధిక వోల్టేజీ) కనెక్షన్ తీసుకునే క్రమంలో గత ఏడాది 11 కేవీని (కిలోవోల్టులను) 433 వోల్టులకు తగ్గించే, 315 కేవీఏ సామర్థ్యం గల ట్రాన్స్‌ఫార్మర్‌ను, దానికి తగిన ఎల్‌టీ ప్యానెల్‌ను, అంటే తగ్గిన వోల్టేజీలో కరెంటును యంత్రాలకు పంచే పెట్టెను, కొన్నాము. రెండూ ఫ్యాక్టరీలో పరీక్షలు పూర్తి చేసుకుని సర్టిఫికెట్లతో బయలుదేరినవే. అయినా ఒక్క రోజు కూడా కరెంటు ఇవ్వకముందే రెండూ దెబ్బతిన్నాయి. మరమ్మతులకు సుమారు 1,40,000 రూపాయలు మా చేతి నుంచి పోయాయి. అమ్మినవారి పేరు గాని, రవాణా సంస్థ పేరు గాని ఇక్కడ రాయడం లేదు; ఎక్కడ మోసపోయామో, ఎక్కడ మేమే ఏమరుపాటుగా ఉన్నామో చెప్పడమే నా ఉద్దేశం.

లారీ జూన్ చివరి వారంలో ఒక రాత్రి పదకొండు దాటాక వచ్చింది. పగటిపూట నగరంలో పెద్ద లారీలపై ఆంక్షలు ఉంటాయి కాబట్టి ఇలాంటి సరుకు తరచుగా చీకట్లోనే చేరుతుంది. డ్రైవర్ మరోచోటికి వెళ్లాలని తొందరపెట్టాడు. టార్పాలిన్ పూర్తిగా తీయకముందే, ‘సరుకు మంచి స్థితిలో అందినది’ అని ముందే అచ్చువేసి ఉన్న లారీ రశీదుపై నేను సంతకం చేశాను. ప్యానెల్ చెక్కపెట్టె ఒక మూల పగిలి ఉండడం, ట్రాన్స్‌ఫార్మర్ డ్రెయిన్ వాల్వ్ కింద నూనె తడి ఉండడం టార్చి వెలుతురులో కనిపించాయి. తెల్లవారాక చూసుకుందాంలే అనుకున్నాను. మర్నాడు పెట్టె విప్పితే ట్రాన్స్‌ఫార్మర్ హెచ్‌టీ వైపు ఒక పింగాణీ బుషింగ్ (తీగ బయటికి వచ్చే చోటి ఇన్సులేటర్) అంచు ఊడి ఉంది, ప్యానెల్‌లో బస్‌బార్‌ను (కరెంటు మోసే లోహపు పట్టీని) పట్టి ఉంచే సపోర్టు ఒకటి విరిగి ఉంది. అమ్మినవారు రవాణా వారిని అడగమన్నారు, రవాణా వారు నా సంతకం చూపించారు. ఆర్డరు ‘ఎక్స్‌వర్క్స్’ పద్ధతిలో ఉంది, అంటే సరుకు వారి గేటు దాటినప్పటి నుంచి నష్టభయం మాదే. ట్రాన్సిట్ బీమా మేము విడిగా తీసుకోవలసి ఉండగా, అది ధరలోనే కలిసి ఉందని భ్రమపడ్డాము. ఆర్డరు కాగితంలో ఈ ఒక్క మాటను ఎవరూ తేలికగా తీసుకోవద్దు. బీమా ఉన్నవారు కూడా దించే పని ఆ పాలసీలోకి వస్తుందో లేదో ముందే అడిగి రాయించుకోవాలి.

లారీ మీద ఉండగానే నాలుగు వైపులా ఫొటోలు తీసి, కనబడిన ప్రతి దెబ్బను రశీదు అన్ని ప్రతులపై చేత్తో రాసి, ఆ తర్వాతే సంతకం పెట్టండి. లోపలిది చూడలేకపోతే ‘పెట్టె విప్పి చూడలేదు’ అని రాయండి. డ్రైవర్ రాయనివ్వకపోతే రశీదు నంబరుతో అదే రాత్రి అమ్మినవారికీ, రవాణా వారికీ మెయిల్ పంపండి. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం ప్రకారం రవాణాదారుపై దావా వేయాలంటే, సరుకు బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల లోపు నష్టం గురించి లిఖితపూర్వకంగా నోటీసు ఇచ్చి ఉండాలి. ఈ గడువు సరుకు అందిన రోజు నుంచి కాదు. మేము నోటీసు గడువులోనే పంపగలిగాము, కానీ మచ్చలేని రశీదు ఎదురుగా ఉండగా అది ఎంత నిలుస్తుందో మా వకీలు ధైర్యంగా చెప్పలేకపోతున్నారు.

దించేటప్పుడు జరిగింది ఇంకా బాధాకరం. హైడ్రా క్రేన్ ఆపరేటర్ ట్రాన్స్‌ఫార్మర్‌కు ఉన్న నాలుగు లిఫ్టింగ్ లగ్‌లను (ఎత్తడానికి ఉండే కొక్కేలను) వదిలి, రెండు లగ్‌లకే బెల్టులు తగిలించి, మూడో బెల్టును నూనెను చల్లబరిచే రేడియేటర్ చుట్టూ వేశాడు. రేడియేటర్ రేకు ఆ బరువుకు ఆగేది కాదు. అది వంగి, వెల్డింగ్ వద్ద నూనె కారడం మొదలైంది. ఎత్తవలసింది లగ్‌ల నుంచే, నాలుగింటినీ ఒకేసారి. బుషింగ్‌లను గాని, కన్జర్వేటర్‌ను (పైన ఉండే నూనె తొట్టిని) గాని, రేడియేటర్‌ను గాని పట్టు కోసం వాడకూడదు. బెల్టులు పొట్టిగా ఉండి వెడల్పుగా సాగితే అవే తెగే ప్రమాదం ఉంది: రెండు బెల్టులతో ఎత్తినప్పుడు అవి నేలకు సమాంతరమైన గీతతో 60 డిగ్రీల కోణంలో ఉంటే ఒక్కొక్కదానిపై మొత్తం బరువులో సగం కంటే కొంచెం ఎక్కువ పడుతుంది, 30 డిగ్రీలకు తగ్గితే ఒక్కొక్కదానిపైనే మొత్తం బరువుకు సమానమైన లాగుడు పడుతుంది. నేమ్‌ప్లేటు మీద నూనెతో సహా మొత్తం బరువు రాసి ఉంటుంది, క్రేన్ పిలిచే ముందే దాన్ని అడిగి తెలుసుకోండి. ఊగుతున్న ట్రాన్స్‌ఫార్మర్‌ను ఆపడానికి ఒక హమాలీ గోడకూ దానికీ మధ్యకు వెళ్లాడు. అతనికి ఏమీ కాలేదు, కానీ ఆ క్షణం తలచుకుంటే ఇప్పటికీ నా గుండె దడదడలాడుతుంది. ఎత్తిన బరువు కిందికి గాని, పక్క ఇరుకులోకి గాని ఎవరినీ వెళ్లనివ్వకండి. దాన్ని చేతులతో కాకుండా దూరం నుంచి తాళ్లతో పట్టించండి. పైన కరెంటు తీగలు వెళ్తున్న చోట క్రేన్ బూమ్ ఎత్తనే ఎత్తించవద్దు.

ఇక నిల్వ సంగతి. ట్రాన్స్‌ఫార్మర్ గది పునాది పూర్తి కాక, ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్ అనుమతి ఆలస్యమై, సామాను సరిగ్గా వానాకాలంలో పది వారాలు షెడ్డులో పడి ఉంది. కరెంటు లేని ట్రాన్స్‌ఫార్మర్‌కు ఏమవుతుందని మేము అనుకున్నాము. నిజానికి పగటి వేడికి నూనె వ్యాకోచించి, రాత్రి చల్లదనానికి సంకోచించి, అది రోజూ గాలిని వదిలి పీల్చుకుంటూనే ఉంటుంది. ప్రయాణం కోసం బ్రీదర్‌ను (గాలి వచ్చే గొట్టానికి బిగించే సిలికా జెల్ డబ్బాను) విప్పి, ఆ గొట్టానికి టేపు మాత్రమే చుట్టి పంపారు, టేపు ఊడిపోయింది. తేమను పీల్చే సిలికా జెల్ గుండా రావలసిన గాలి నేరుగా తేమతో సహా లోపలికి పోయింది. అమర్చే ముందు పరీక్ష చేస్తే 2.5 మిల్లీమీటర్ల గ్యాప్ వద్ద నూనె 22 కేవీకే తెగిపోయింది, అంటే ఆ వోల్టేజీకే కరెంటును ఆపలేకపోయింది. కనీసం 30 ఉండాలి, ఫిల్టర్ చేసిన కొత్త నూనెకైతే అంతకు ఎంతో ఎక్కువ రావాలి. మెగ్గర్ (ఇన్సులేషన్ నిరోధం కొలిచే మీటరు) రీడింగ్ కూడా ఫ్యాక్టరీ సర్టిఫికెట్‌లోని దానికి ఎక్కడో దిగువన ఉంది. తేమలో ఎక్కువ భాగం నూనెలో కాక వైండింగ్ (తీగ చుట్టల) కాగితంలో దాగుతుంది కాబట్టి ఒక్కసారి ఫిల్టర్ చేస్తే సరిపోలేదు. నూనెను వేడి చేసి వాక్యూమ్‌తో మూడు రోజులు తిప్పవలసి వచ్చింది.

ప్యానెల్‌కు మేము మంచి చేస్తున్నామనుకుని నేలదాకా పాలిథిన్ బిగించి కట్టాము. తేమ బయటికి పోయే దారిలేక లోపలే బొట్లుగా పేరుకుంది, అడుగున కేబుల్ కోసం వదిలిన కంత గుండా ఎలుకలు దూరి కంట్రోల్ వైర్లు కొరికాయి. ప్యానెల్‌ను నిలువుగానే, చెక్క దిమ్మెల మీద, గాలి ఆడేలా కప్పి ఉంచి, కంతలన్నీ రేకుతో మూసి, లోపల తేమ చేరకుండా వెచ్చబరిచే స్పేస్ హీటర్‌కు తాత్కాలికంగా కరెంటు ఇచ్చి ఉంచాలి. సెల్లార్ ఖాళీగా ఉంది కదా అని అందులో పెట్టాలనుకునేవారు 2020 అక్టోబరు వరదల్లో ఈ నగరపు సెల్లార్లు ఎలా నిండాయో ఒకసారి గుర్తు చేసుకోవాలి.

మీ గది సిద్ధం కాకపోతే సరుకును ఫ్యాక్టరీలోనే ఆపమని అడగండి. గోడౌన్ అద్దె కట్టవలసి వచ్చినా ఒప్పుకోండి. ఇప్పటికే తెచ్చుకున్నవారు ఈ రోజే వెళ్లి బ్రీదర్ బిగించి ఉందో లేదో, సిలికా జెల్ నీలంగా ఉందో తేమతో నిండి గులాబీ రంగుకు మారిందో చూడండి.