పండుగప్ప సీడ్: గుడ్డు కొనాలా, లార్వా కొనాలా, పిల్ల కొనాలా?

పండుగప్ప (సీబాస్ చేప) సీడ్, అంటే పెంపకానికి కొనే విత్తనం, మూడు దశల్లో చేతికొస్తుంది: ఫలదీకరించిన గుడ్డు, పొదిగి ఒకటి రెండు రోజులైన లార్వా, అంగుళం దాటిన పిల్ల. గుడ్డు అన్నిటికన్నా చౌక. వనామి రొయ్య నాప్లీ (అప్పుడే పొదిగిన లార్వా) కొని పీఎల్ (చెరువులో వదిలే రొయ్య పిల్ల) తీసే అలవాటున్న హ్యాచరీల చూపు ముందు దాని మీదే పడుతుంది. పప్పులో కాలేసేదీ అక్కడే.

గుడ్లు అమ్మేవాళ్లు చూపించేది తేలే శాతం. అది చూడాల్సిందే కానీ, అదొక్కటే చాలదు. 30 పీపీటీ ఉప్పదనం (లీటరుకు సుమారు 30 గ్రాముల ఉప్పు) నీళ్లున్న గాజు జాడీలో గుడ్లు పోసి, గాలి ఆపి, పది నిమిషాలు కదపకుండా ఉంచండి. బతికినవి గాజుపూసల్లా పైకి తేలతాయి, చచ్చినవి తెల్లబడి అడుగుకు దిగుతాయి. ఉప్పదనం 25 కంటే తగ్గితే మంచివి కూడా దిగిపోవచ్చు, ఆ నీళ్లతో పరీక్షించి తగాదాకు దిగొద్దు. మైక్రోస్కోపు కింద గుడ్డు వ్యాసం 0.75–0.8 మి.మీ. ఉండాలి, లోపల నూనె బొట్టు ఒక్కటే కనబడాలి. బొట్టు ముక్కలైన గుడ్లు ఎక్కువుంటే బ్యాచ్ తిప్పి పంపేయడమే.

అసలు నాణ్యత తల్లిచేప మేతలో ఉంది. డీహెచ్ఏ (ఒక ఒమేగా-3 కొవ్వు), విటమిన్ ఇ చాలని బ్రూడర్ల (గుడ్ల కోసం పెంచే పెద్దచేపల) గుడ్లు చక్కగా తేలతాయి, పొదుగుతాయి కూడా. నోరు తెరిచే వేళకు లార్వా చేతులెత్తేస్తుంది. అండాలు 0.45 మి.మీ. దాటకముందే హార్మోన్ ఇంజెక్షన్ చేస్తే ఫలదీకరణ దెబ్బతింటుంది. ఈ రెండింటికీ రికార్డు చూపించే హ్యాచరీకే మా మార్కులు.

నమ్మదగిన పరీక్ష ఇంకొకటి. లీటరు బీకరులో 100 గుడ్లు వేసి, మేత లేకుండా ఉంచండి. 28–30 డిగ్రీల వద్ద 16–18 గంటల్లో పొదుగుతాయి. పొదిగాక దాదాపు 50 గంటలకు నోరు తెరుచుకుంటుంది, అప్పుడు లెక్కపెట్టండి. 80 కూడా మిగలకపోతే ఆ బ్యాచ్ మీద రొటిఫర్ (లార్వా తొలి మేతయ్యే సూక్ష్మజీవి) తగలేయొద్దు.

అన్నట్టు, రొటిఫర్ కల్చర్ గుడ్లకన్నా ముందే సిద్ధంగా ఉండాలి. మూడో రోజు నుంచి సూక్ష్మ నాచుతో పచ్చబడ్డ గ్రీన్ వాటర్‌లో మి.లీ.కు 15–20 చొప్పున, డీహెచ్ఏ పట్టించి వేయాలి. ఆ డీహెచ్ఏ నూనె నీళ్ల పైన పొరకడితే లార్వా గాలి మింగలేదు, ఈత తిత్తి నిండదు, వెన్ను వంకర తిరుగుతుంది. అందుకే ఆ పొర తీసే స్కిమ్మర్ తప్పనిసరి. 9–10 రోజులకు ఆర్టీమియా (రొయ్యలాంటి ఉప్పునీటి చిన్న జీవి) మేత మొదలవుతుంది. ఆ తర్వాత ఒకదాన్నొకటి మింగే గొడవ, మూడు నాలుగు రోజులకోసారి సైజు వారీగా వేరుచేసే గ్రేడింగ్.

లార్వా కొనడం మూడింట్లో చివరి ఎంపిక. దానికి తొలి ఆహారమైన పచ్చసొన అయిపోయే వేళకు అది ఇంకా సంచిలోనే, దారిలోనే ఉంటుంది.

చెరువు రైతుకు పిల్లే సరైన సరుకు. ధర ఎక్కువే, అయినా గిట్టుబాటే. వీఎన్ఎన్ (నరాలను దెబ్బతీసే వైరస్ జబ్బు) పీసీఆర్ పరీక్ష రిపోర్టు పిల్లలకే కాదు, బ్రూడర్లకూ అడగండి. ఆ వైరస్ తల్లి నుంచి గుడ్డుకు దిగుతుంది. గిరగిరా తిరుగుతూ ఈదే పిల్లలుంటే ఆ ట్యాంకు వదిలేయండి. డబ్బు ఇచ్చే ముందు గుప్పెడు మేత గుళికలు చల్లించి చూడండి. ఎగబడి తినకపోతే అవింకా ఆర్టీమియా మీదే ఉన్నట్టు, రేటు తగ్గించినా తీసుకోవద్దు.