ఇటలీ రైళ్లలో ఫస్ట్ క్లాసా, సెకండ్ క్లాసా? మా అనుభవంలో తేలిన లెక్క

ఇటలీ వెళ్తున్నామని చెప్పగానే తెలిసినవాళ్లలో సగం మంది ఇచ్చిన సలహా ఒక్కటే, "పెద్దవాళ్లతో వెళ్తున్నారు కదా, రైళ్లన్నీ ఫస్ట్ క్లాస్ తీసుకోండి" అని. మేము అమ్మానాన్నలతో వెళ్లాం, నలుగురం, పెద్ద సూట్‌కేసులతో. అన్నీ ఫస్ట్ క్లాస్ తీసుకోలేదు, అన్నీ సెకండూ తీసుకోలేదు, రైలును బట్టి మార్చుకున్నాం. మళ్లీ వెళ్లినా అలాగే చేస్తాను, ఎందుకంటే అక్కడ అసలు తేడా క్లాసులో కన్నా రైలు రకంలో ఉంటుంది.

ముందు ఒక భయం తీసేస్తాను. సెకండ్ క్లాస్ అనగానే మన కళ్ల ముందు కిక్కిరిసిన జనరల్ బోగీ కనబడుతుంది కదా, ఇటలీ హైస్పీడ్ రైళ్లలో అలాంటిదేమీ ఉండదు. ఏసీ, రిజర్వుడు సీటు, సీటు దగ్గరే ప్లగ్గు, వరుసకి ఇటు రెండు అటు రెండు సీట్లు. మన వందేభారత్ మామూలు చైర్ కార్‌లో వరుసకి అయిదు సీట్లుంటాయి, ఎగ్జిక్యూటివ్‌లో నాలుగు. అంటే వాళ్ల కింది తరగతి అమరిక మన పై తరగతిలా ఉంటుందన్నమాట.

పేర్ల దగ్గర కొంచెం గందరగోళం ఉంది. హైస్పీడ్ రైళ్లు నడిపే కంపెనీలు రెండు, ప్రభుత్వ రైల్వే సంస్థ ట్రెనిటాలియా వాళ్ల ఫ్రెచ్చారోస్సా, ప్రైవేటు వాళ్ల ఇటాలో. ఫ్రెచ్చారోస్సాలో ఫస్ట్, సెకండ్ అని రాసి ఉండదు, స్టాండర్డ్, ప్రీమియం, బిజినెస్, ఎగ్జిక్యూటివ్ అని నాలుగుంటాయి. ఇటాలోలో స్మార్ట్, ప్రీమా, క్లబ్ ఎగ్జిక్యూటివ్. స్టాండర్డ్, స్మార్ట్ రెండూ సెకండ్ అనుకోండి. ప్రీమియంలో లెదర్ సీటే గానీ అమరిక మళ్లీ రెండు, రెండే, కాబట్టి చోటు కోసం డబ్బు పెట్టేవాళ్లు దాన్ని దాటి బిజినెస్‌కి వెళ్లాలి, అక్కడ ఒకవైపు రెండు, ఇంకోవైపు ఒక్కటే సీటు. ఇటాలో ప్రీమా కూడా అంతే. ఒంటరిగా వెళ్లేవాళ్లకి ఆ ఒంటి సీటు బంగారం. నలుగురు కలిసి వెళ్లే కుటుంబానికి మాత్రం దానితో పెద్దగా పనిలేదు.

మేము రోమ్ నుంచి ఫ్లోరెన్స్‌కి స్టాండర్డ్‌లో వెళ్లాం. గంటన్నర ప్రయాణం, రైలు ఎక్కి సామాను సర్దుకుని నీళ్లు తాగేలోపు సగం అయిపోతుంది. టేబుల్ చుట్టూ ఎదురెదురుగా నాలుగు సీట్లు ఉన్నచోట తీసుకున్నాం కాబట్టి మనవాళ్లే కూర్చున్నాం, మోకాళ్లు తగిలినా ఇబ్బంది లేదు. అదే ఎదురుగా కొత్తవాళ్లుంటే ఆ టేబుల్ సీటు కాస్త ఇరుకే, ఇద్దరే అయితే సీటు మ్యాప్ చూసి వరుస సీట్లు తీసుకోవడం మేలు.

ఫ్లోరెన్స్ నుంచి వెనిస్‌కి రెండు గంటల పైచిలుకు. చూద్దామని బిజినెస్ తీసుకున్నాం, ఆ రోజు ధరలో తేడా తక్కువగా కనబడింది. సీటు విశాలంగా ఉంది, బోగీ నిశ్శబ్దంగా ఉంది, నాన్న హాయిగా నిద్రపోయారు. ట్రాలీ తోసుకుంటూ వచ్చి తీపి కావాలా కారం కావాలా అని అడిగి చిన్న ప్యాకెట్టూ, ఒక డ్రింకూ ఇచ్చారు, అంతే, దాన్ని భోజనం అనుకుని ఆకలితో ఎక్కకండి. (అమ్మ ముందుజాగ్రత్తగా డబ్బాలో తెచ్చిన పులిహోరే మా అసలు భోజనం, ఎవరూ ఏమీ అనలేదు.) కిటికీ సీటు కోసం అదనంగా పెట్టేవాళ్లకి ఒక మాట: ఈ దారిలో ఫ్లోరెన్స్, బొలోన్యా మధ్య 2009లో తెరిచిన హైస్పీడ్ లైను 78 కిలోమీటర్లుంటే అందులో 70 కిలోమీటర్లకి పైగా సొరంగాల్లోనే. మీ ముఖం మీకే కనబడుతుంది. వెనిస్ చేరేముందు సముద్రం మీది వంతెన దాటేటప్పుడు మాత్రం కళ్లు తిప్పుకోలేం, ఆ దృశ్యం ఏ క్లాస్‌లో కూర్చున్నా ఒకటే.

అయితే మిలాన్ నుంచి రోమ్ దాకా మూడు గంటలు, లేదా ఇంకా కిందికి నేపుల్స్ దాకా ఒకే ఊపులో వెళ్లేవాళ్లు బిజినెస్ ధర ఒకసారి చూడొచ్చు. ధరలు విమానం టికెట్లలా మారుతుంటాయి, అందుకే స్టాండర్డ్, బిజినెస్ ధరలు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. నేనైతే పది యూరోల లోపు తేడా ఉంటే పైకి వెళ్తాను, అంతకు మించితే వద్దు.

క్లాస్ గురించి ఇంత ఆలోచించేవాళ్లు టికెట్ రకం గురించి అస్సలు ఆలోచించరు, నాకదే ఆశ్చర్యం. బాగా చవగ్గా దొరికే సూపర్ ఎకానమీ టికెట్‌ని మార్చుకోవడం కుదరదు, డబ్బు వెనక్కి రాదు. బేస్ టికెట్ అయితే రైలు బయలుదేరేలోపు ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. విమానం దిగిన రోజే హైస్పీడ్ రైలు ఎక్కాలనుకుంటే చవక బిజినెస్ టికెట్ కన్నా బేస్ రకం స్టాండర్డ్ టికెట్టే టెన్షన్ తగ్గిస్తుంది.

విమానాశ్రయం అంటే గుర్తొచ్చింది, ఫ్యుమిచీనో నుంచి రోమ్ ప్రధాన స్టేషన్ టెర్మినీకి 32 నిమిషాల్లో తీసుకెళ్లే లియోనార్డో ఎక్స్‌ప్రెస్ పేరుకు మొత్తం ఫస్ట్ క్లాసే, టికెట్ 14 యూరోలు, కానీ సీటు నంబర్లుండవు, ఖాళీ ఉన్నచోట కూర్చోవడమే. హోటల్ ట్రాస్తెవెరె వైపు ఉంటే ఎఫ్ఎల్1 అనే లోకల్ రైలు 8 యూరోలకే తీసుకెళ్తుంది, అది టెర్మినీకి మాత్రం వెళ్లదు.

టెర్మినీలో టికెట్ మెషిన్ దగ్గర ఒకతను చాలా మర్యాదగా వచ్చి బటన్లు నొక్కబోయాడు, ఇంకో చోట ఇంకొకతను అమ్మ సూట్‌కేస్ అందుకుని బోగీలోకి ఎక్కించబోయాడు. తర్వాత డబ్బులడుగుతారు. నవ్వుతూ "నో గ్రాత్సియె" అనేసి ముందుకెళ్లిపోండి.

ఇక ఫస్ట్ క్లాస్‌కి నేను కళ్లు మూసుకుని డబ్బు పెట్టే రైలు ఒకటుంది, రోమ్ నుంచి సిసిలీ ద్వీపానికి వెళ్లే ఇంటర్‌సిటీ. పగలంతా ప్రయాణమే, మెల్లగా, ఆగుతూ ఆగుతూ పోతుంది. సెకండ్‌లో వరుసకి నాలుగు సీట్లు, ఫస్ట్‌లో మూడు, అన్ని గంటలు కూర్చునేటప్పుడు ఆ ఒక్క సీటు తేడా నడుముకి తెలుస్తుంది, పైగా ఇంటర్‌సిటీలో రెండింటికీ ధర తేడా హైస్పీడ్ రైళ్లంత ఉండదు. ఈ రైలులో అసలు మజా సిసిలీకి ఎదురు ఒడ్డున ఉన్న విల్లా సాన్ జొవాన్ని దగ్గర. రైలుని ముక్కలుగా విడదీసి, బోగీలను పట్టాల మీదుగానే ఓడ కడుపులోకి తోస్తారు. గొలుసుల చప్పుడు, ఇనుము వాసన, బోగీ ముందుకీ వెనక్కీ ఊగడం. దిగి మెట్లెక్కి ఓడ పైకి వెళ్లొచ్చు, మెస్సీనా జలసంధి గాలి ముఖానికి కొడుతుంటే నాన్న కాఫీ పట్టుకుని రెయిలింగ్ దగ్గర నుంచి కదల్లేదు. విమానంలో గంటలో తేలిపోయే దూరానికి రోజంతా పెట్టడం పిచ్చితనమే అనొచ్చు, నేను మాత్రం మళ్లీ ఎక్కుతాను.

లోకల్ రైళ్లలో, అంటే రెజొనాలెలో, చాలావాటికి ఒకటే క్లాస్. ధర ముందు కొన్నా ఆ పూట కొన్నా ఒకటే, కాబట్టి ఫ్లోరెన్స్ నుంచి పీసా లాంటి చోట్లకి తొందరపడి బుక్ చేసుకోనక్కర్లేదు. కాగితం టికెట్ కొంటే ఎక్కేముందు ప్లాట్‌ఫాం దగ్గరి మెషిన్‌లో ముద్ర వేయించాలి, ఫోన్‌లో కొంటే చెక్-ఇన్ చేయాలి, లేకపోతే జరిమానా. మిలాన్ నుంచి కోమో సరస్సు ఒడ్డున ఉన్న వరెన్నాకి వెళ్తే ఎడమవైపు సీట్లో కూర్చోండి, సరస్సు అటే ఉంటుంది, ఏ ఫస్ట్ క్లాసూ ఇవ్వనిది అక్కడ ఉచితం. నేపుల్స్ నుంచి పాంపేయి మీదుగా సొరెంతో వెళ్లే సిర్కుమ్‌వెజువియానా అనే లోకల్ రైలులో క్లాసులే లేవు, వేసవిలో నిలబడి ఉక్కపోతలో వెళ్లాల్సి రావచ్చు, జేబులు జాగ్రత్త. పెద్దవాళ్లుంటే అదే లైనులో సీటు రిజర్వేషన్‌తో నడిచే కంపానియా ఎక్స్‌ప్రెస్ చూసుకోండి. సొరెంతో ఒక్కటే చూడాలంటే నేపుల్స్ రేవు నుంచి పడవ ఉంది, అమ్మకి రైలు కన్నా అదే నచ్చింది.